చక్రం తర్వాతమ్మా, ముందు టైరు వెతుకు

బండి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు చెన్నై వ్యాసర్‌పాడి వర్క్‌షాపు నుంచి జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. నేను చెన్నైలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది ఒంగోలు. మేం నలుగురం కలిసి ఒక చిన్న రేసు బండి తయారు చేస్తున్నాం. ఇంజను 150 సీసీది, పుదుప్పేటలో పాతది కొన్నాం. ఫ్రేము స్టీలు పైపులతో మేమే గీసుకున్నాం, అంబత్తూరులో ఒక షాపులో వెల్డింగ్ చేయించాలి. ఇంకా ఇవ్వలేదు. బండి నడిపేది నేనే, నా బరువు 52 కిలోలు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ప్రాక్టీసు రోజుల్లో తిప్పాలని కోరిక. చక్రాల దగ్గర గొడవ వచ్చి ఆగిపోయాం. ఒకడు 12 అంగుళాలవి వేద్దాం, తేలిగ్గా ఉంటాయి, బండి చురుగ్గా తిరుగుతుంది అంటాడు. ఇంకొకడు వాళ్ల నాన్న ఆర్‌ఎక్స్ 100 చక్రాలు ఇంట్లో ఊరికే ఉన్నాయి, 18 అంగుళాలవి, డబ్బు ఖర్చు లేదు అంటాడు. మా స్నేహితురాలు 17 వేయాలంటుంది, అందరూ అవే వేస్తారట. 'అందరూ వేస్తారు' అనేది ఒక కారణమా సార్?
– ఒక పాఠకురాలు, గిండీ, చెన్నై

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో 'ఇంకా ఇవ్వలేదు' అన్న ఒక్క మాట చూసి నా ప్రాణం లేచొచ్చింది. చాలామంది ఫ్రేము వెల్డింగ్ అయిపోయాక చక్రం కోసం నా దగ్గరికి వస్తారు. అప్పటికి చేతిలో ఏమీ మిగలదు. నువ్వు సరైన సమయంలో అడిగావు.

అందరూ వేస్తారన్నది కారణం కాదు. కానీ అందరూ వేయడం వల్ల ఒకటి జరిగింది. మంచి రబ్బరంతా ఇప్పుడు 17 అంగుళాల్లోనే తయారవుతోంది. అది మాత్రం కారణమే, అన్నిటికన్నా పెద్ద కారణం. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిగా నీకు చెప్పేది ఒకటే. చక్రం ఎంత ఉండాలని మొదలుపెట్టవద్దు. ఏ టైరు మీద పరుగెత్తాలో ముందు తేల్చుకో. అది ఏ రిమ్ము అడిగితే ఆ రిమ్ము వెయ్యి.

ఈ మాట నేను ఎలా నేర్చుకున్నానో నీకు చెప్పాలి. నేను నెల్లూరు నుంచి 1985లో చెన్నై వచ్చాను, అప్పటికి పదిహేడేళ్లు. ఆర్‌ఎక్స్ 100 బజారులోకి వచ్చిన ఏడాది అది. షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి, నేను స్పానర్లు అందించే కుర్రాణ్ణి. తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. అప్పటికి నాకు సొంతంగా ఒక బండి తయారు చేసి ఒక రైడర్ని దించే ధైర్యం వచ్చింది. ఆ రోజుల్లో విదేశీ పత్రికల్లో గ్రాండ్ ప్రి బండ్ల ఫొటోలు చూసేవాళ్లం. 1980లలో ఆ బండ్లకు ముందు 16 అంగుళాల చక్రం వేయడం మొదలైంది. సుజుకి 1983లో తెచ్చిన ఆర్‌జి 250 గామాకి కూడా ముందు చక్రం 16 అంగుళాలే. అది చూసి నాకు పిచ్చి పట్టింది. సింగపూరు నుంచి ఎవరో తెచ్చిన పాత 16 అంగుళాల ముందు చక్రం ఒకటి మౌంట్ రోడ్డు వెనక సందులో దొరికింది. దాని మీద టైరు కూడా ఉంది, గీతలు బాగానే కనిపిస్తున్నాయి. రెండు నెలల జీతం పోసి కొన్నాను.

బండికి ఎక్కించాం. స్టాండు మీద ఎంత ముచ్చటగా ఉందో! మా రైడరు కూడా నెల్లూరు అబ్బాయే, నాకంటే రెండేళ్లు చిన్న. మూడో ల్యాప్‌లో మెయిన్ స్ట్రెయిట్ తర్వాత కుడి మలుపులో ముందు చక్రం జారిపోయింది. కాలర్ బోను విరిగింది. నేను ఫోర్కు చూశాను, బేరింగులు చూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి టైరు మీద గోరు గుచ్చాను. గోరు దిగలేదు. ఆ రబ్బరు రాయిలా గట్టిపడిపోయింది. తయారై ఎన్నేళ్లయిందో చూడాలని నాకు తోచలేదు. పోనీ కొత్తది వేద్దామంటే ఆ కొలతలో రేసుకి పనికొచ్చే టైరు ఇక్కడ ఒక్కటీ దొరకలేదు. చక్రం ఎంచుకున్నాను, టైరు సంగతి ఆలోచించలేదు. ఆ అబ్బాయి మూడు నెలలు చెయ్యి కట్టుకుని తిరిగాడు, ఒక సీజను పోగొట్టుకున్నాడు. తప్పు పూర్తిగా నాది.

పెద్ద రేసుల్లో కూడా చక్రం టైరు వెంటే నడుస్తుంది. మోటోజీపీలో బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు ఇచ్చినంత కాలం, అంటే 2015 దాకా, 16.5 అంగుళాల రిమ్ములు. 2016లో మిషెలిన్ రాగానే అందరూ 17కి మారారు. టైరు కంపెనీ మారింది, రిమ్ము మారింది. అంత డబ్బున్న జట్లకే ఆ పరిస్థితి అయితే పుదుప్పేట ఇంజనుతో మొదలుపెట్టిన మీకు వేరే దారి ఉంటుందా?

ఇప్పుడు మీ ముగ్గురి వాదనలు చూద్దాం. ముందు 18 అంగుళాల అబ్బాయి. ఆర్‌ఎక్స్ 100కి ముందు 2.50-18, వెనక 2.75-18. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము, రెండూ అంగుళాల్లోనే. ఇలాంటి పాత టైర్లకి ఎత్తు దాదాపు వెడల్పంతే. ఈ వెనక టైరు లెక్క చెప్తాను. 18 అంగుళాలంటే 457 మి.మీ. దానికి రెండు వైపులా టైరు ఎత్తు సుమారు 70 మి.మీ. చొప్పున కలిపితే మొత్తం ఎత్తు 597 మి.మీ. ఇప్పుడు 90/90-17 చూడు. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. 17 అంగుళాలంటే 432, టైరు ఎత్తు 90లో 90 శాతం, అంటే 81, రెండు వైపులా 162. మొత్తం 594. రెంటికీ మధ్య తేడా మూడే మి.మీ. నేల మీద దొర్లేటప్పుడు ఆ పద్దెనిమిదీ ఈ పదిహేడూ ఒకటే చక్రం! 'పెద్ద చక్రం, చిన్న చక్రం' అని మీరు వాదించుకునేది రిమ్ము మీద అచ్చు వేసిన అంకె గురించి. బండికి తెలిసేది టైరు బయటి అంచు ఒక్కటే. 17కి, 18కి మధ్య అసలు తేడా రబ్బరులో ఉంది. ఆ 18 కొలతలో మన దగ్గర దొరికేవి రోజూ ఆఫీసుకి వెళ్లే బండ్ల టైర్లు. ముప్పై వేల కిలోమీటర్లు అరగకూడదని గట్టి రబ్బరుతో చేస్తారు. ఆ పనికి అవి మంచివి. బండి పూర్తిగా పడుకోబెట్టి తిప్పే పనికి కావు. వాళ్ల నాన్నగారి చక్రాలు జాగ్రత్తగా దాచుకోమను, ఆర్‌ఎక్స్ మళ్లీ నిలబెట్టే రోజున అవి బంగారం.

పన్నెండు అంగుళాల అబ్బాయిది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. హోండా ఎన్‌ఎస్‌ఎఫ్ 100 అనే చిన్న రేసు బండికి ముందు 100/90-12, వెనక 120/80-12 టైర్లు. కార్టింగ్ ట్రాక్‌లో దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. హోండాదే గ్రోమ్ అనే చిన్న రోడ్డు బండి కూడా 12 అంగుళాలదే. మలుపు వెంట మలుపు ఉండే చోట, వంద దాటని వేగంలో, ఆ కొలత చాలా బాగుంటుంది. బండి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పడుకోవడానికి అడ్డుపడేది చక్రం తిరుగుడు బలం. అది చక్రం బరువును బట్టి, ఎత్తును బట్టి పెరుగుతుంది. కాబట్టి చిన్న చక్రంతో బండి చురుగ్గా తిరుగుతుందన్న మాట నిజమే.

'తేలిక కాబట్టి పికప్ బాగుంటుంది' అన్న మాట మాత్రం సగమే నిజం. రిమ్ము అంచున ఉన్న ఒక కిలో, బండి మీద ఇంకెక్కడో ఉన్న రెండు కిలోలతో సమానం. అది బండితోపాటు ముందుకు పోవాలి, పైగా గుండ్రంగా తిరగాలి. చిన్న చక్రమైనా పెద్ద చక్రమైనా ఈ లెక్క మారదు, ఎందుకంటే చిన్నది అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. అంటే ఇక్కడ కలిసొచ్చేది బరువు తగ్గడం ఒక్కటే. తేలికైన 17 అంగుళాల రిమ్ము దొరికితే చాలావరకు ఆ లాభం అందులోనే వస్తుంది. చక్రం కొనేటప్పుడు సామాను తూచే కొక్కెం కాటా ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు అల్లాయ్ చక్రాల మధ్య కిలో తేడా వస్తుంది, నేను తూచి చూశాను.

నువ్వు తిప్పబోయేది కార్టింగ్ ట్రాక్ కూడా కాదు. ఇరుంగాట్టుకోట్టై 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. స్ట్రెయిట్ చివర నీ బండి 120 దాటుతుంది. 100/90-12 టైరు చుట్టుకొలత 1,523 మి.మీ., 90/90-17ది 1,865. ఒక్క ల్యాప్‌కి చిన్న టైరు దాదాపు 2,430 సార్లు తిరగాలి, పెద్దది 1,980 సార్లు. రబ్బరులో ఒకే చోటు అన్నిసార్లు నేలకి రాసుకుంటుంది, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా అరిగిపోతుంది. నాలుగు ల్యాప్‌లు బాగుంటుంది, ఐదో ల్యాప్‌లో మలుపు మధ్యలో జారడం మొదలవుతుంది. అరిగిన రోజున ఇంకోటి ఎక్కడ తెస్తావు? మన దగ్గర 12 అంగుళాల టైరంటే చాలావరకు స్కూటరు టైరే.

బ్రేకు సంగతి కూడా ఉంది. 12 అంగుళాల రిమ్ములో పెద్ద డిస్కు పట్టదు. గ్రోమ్‌కి ముందు డిస్కు 220 మి.మీ. 17 అంగుళాల్లో 280, 300 హాయిగా పడతాయి. ఇక గతుకులు. చిన్న చక్రం గుంటలోకి లోతుగా దిగుతుంది, పెద్దది పైనుంచి దాటేస్తుంది. వంగి ఉన్నప్పుడు, బ్రేకు సగం పట్టి ఉన్నప్పుడు ఈ తేడా నీ చేతులకి తెలుస్తుంది.

కాబట్టి 17 వెయ్యి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మోటోజీపీ కింద ఉండే చిన్న తరగతి, మోటో3 బండ్లను చూడు. 250 సీసీ ఒంటి సిలిండరు, రైడరుతో కలిపి కనీస బరువు 152 కిలోలు. అంత చిన్న బండికి కూడా 17 అంగుళాలే. ముందు రిమ్ము వెడల్పు 2.5 అంగుళాలు, వెనకది 3.5. హోండా ఎన్‌ఎస్‌ఎఫ్ 250ఆర్ ఆ కొలతల బండే. మన పిల్లలు ఇరుంగాట్టుకోట్టైలోనే దాని మీద పరుగెత్తారు. ఎప్పుడైనా ఒక రేసు రోజున అది కనిపిస్తే, జట్లు బండ్లు పెట్టుకునే ప్యాడాక్‌లోకి వెళ్లి దాని వెనక టైరు పక్కన కూర్చుని చూడు. సైకిలు టైరేమో అనిపిస్తుంది.

నీ బండికి ముందు 2.5 అంగుళాల రిమ్ము మీద 100/80-17, వెనక 3.5 అంగుళాల రిమ్ము మీద 130/70-17 అనుకో. నీ బరువుకి, మీ 150 సీసీ ఇంజనుకి, వెనక 110/80-17 చాలన్నది నా మనసులో మాట. దానికి రిమ్ము కూడా సన్నది వెయ్యాలి, 2.5 అంగుళాలదే. అయితే మెత్తటి రబ్బరు 130లో ఎక్కువ రకాలు దొరికితే నా మాట పక్కన పెట్టి 130 తీసుకో. జీపీ రోడ్డుకి ఒక నోటు పుస్తకం పట్టుకుని వెళ్లు. ఐదారు షాపులు తిరిగి ఏ కొలతలో ఏ కంపెనీ మెత్తటి రబ్బరు ఇస్తోందో రాసుకో. ఒకే కంపెనీ ఒకే రకం చేస్తున్న కొలత అయితే వదిలెయ్. రేపు వాళ్లు ఆపేస్తే నీ బండి షెడ్డులో ఉండిపోతుంది. కనీసం ఇద్దరు చేసే కొలత అయి ఉండాలి. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. అది చూడకుండా డబ్బు ఇవ్వకు. షాపువాడు విసుక్కున్నా ఫరవాలేదు.

ఇక అసలు పని. టైర్లు కొను, రిమ్ముకి ఎక్కించు, నువ్వు ట్రాక్‌లో పెట్టబోయే గాలి కొట్టు. సుద్దముక్కతో టైరు అడుగున గీత పెట్టు, నేల మీద కూడా అదే చోట పెట్టు. ఫ్రేము ఇంకా లేదు కాబట్టి అదే కొలత టైరున్న స్నేహితుల బండి ఏదైనా పట్టుకుని, నువ్వే దాని మీద కూర్చుని, ఒక పూర్తి చుట్టు దొర్లించి టేపుతో కొలువు. కాగితం మీద లెక్క కన్నా కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువుకి టైరు అణుగుతుంది. ఆ వచ్చిన సంఖ్యని 6.28తో భాగిస్తే నీ చక్రం నిజమైన వ్యాసార్థం. మీ ఫ్రేము బొమ్మలో పెట్టాల్సింది ఆ సంఖ్య, టైరు మీద రాసింది కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే ట్రెయిల్ కోసం. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతని నేల దాకా పొడిగించు. ముందు చక్రం నేలను తాకే చోటు ఆ గీతకి కొంచెం వెనక ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరమే ట్రెయిల్. బండి నిటారుగా పోవాలని చూసేది, చేతులు కాస్త వదులు చేసినా హ్యాండిల్ వణక్కుండా ఉండేది, దానివల్లే. ఆ ఇరుసు గీత నిటారు నుంచి వెనక్కి వాలిన కోణాన్ని రేక్ అంటారు. అది 24 డిగ్రీలు పెట్టుకున్నారనుకో, చక్రం వ్యాసార్థం 10 మి.మీ. తగ్గితే ట్రెయిల్ దాదాపు నాలుగున్నర మి.మీ. తగ్గుతుంది. 100/80-17 తీసి 100/90-12 పెట్టినప్పుడు వ్యాసార్థం 54 మి.మీ. తగ్గుతుంది, అంటే ట్రెయిల్ 24 మి.మీ. పోయినట్టే. 90 ఉన్నది 66 అయితే ఆ బండి చేతిలో నిలవదు. మొదటి నుంచీ 12 అనుకుని, ఫోర్కు పైపుల్ని పట్టి ఉంచే క్లాంపు దాని కోసమే చేయిస్తే సరిపెట్టుకోవచ్చు. మధ్యలో మనసు మార్చుకుంటే కుదరదు. అలాగే వెనక చక్రం వ్యాసార్థం ఒక్కటే 10 మి.మీ. పెంచితే, 1,300 మి.మీ. వీల్‌బేసు (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) మీద బండి మొత్తం అర డిగ్రీకి కాస్త తక్కువగా ముందుకి వాలుతుంది. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ బ్రేకు పట్టి మలుపులోకి దిగేటప్పుడు రైడరుకి తెలిసిపోతుంది.

పాత అల్లాయ్ చక్రాలు కొంటే తాడుకి వేలాడదీసి స్పానరుతో మెల్లగా కొట్టి విను. గంటలా మోగాలి. బొంగురుగా వస్తే ఎక్కడో పగులుంది. పగిలి వెల్డింగ్ పెట్టిన చక్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, దయచేసి. రేసుల్లోకి దిగాలనుకున్న రోజున ఆ తరగతి నిబంధనల పుస్తకం ముందు చదువు. ప్రొడక్షన్ తరగతుల్లో చక్రం కొలత మార్చనివ్వని చోట్లుంటాయి. నీది సొంత ఫ్రేము కాబట్టి నీకు సరిపోయే తరగతులు కొన్నే.

బండి లేచి నిలబడ్డాక ఒక ఫొటో పంపు తల్లీ. మొదటి రోజు నేనూ ట్రాక్ దగ్గరికి వస్తాను.

ప్రశ్న: అన్నగారూ, నా దగ్గర 2009 నాటి ఆర్15 ఉంది, మొదటి మోడలు. వెనక టైరు 100/80-17, చూడటానికి బక్కగా ఉంటుంది. 140 వేస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందని ఒక షాపులో చెప్పారు. పాత రిమ్ము మీదే ఎక్కిస్తామంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ చక్రం 100 వెడల్పు టైరు కోసం చేసింది. 140/70కి నాలుగు అంగుళాల రిమ్ము కావాలి. సన్న రిమ్ములో బలవంతంగా కూర్చోబెడితే టైరు రెండు అంచులూ లోపలికి నొక్కుకుని మధ్యభాగం బుడగలా పైకి లేస్తుంది. నిటారుగా పోతున్నప్పుడు నడిమి రెండు వేళ్ల మేర రబ్బరే నేలకి ఆనుతుంది. పూర్తిగా పడుకోబెట్టినా అంచు రబ్బరు నేలకి సరిగ్గా ఆనదు. పట్టు పెరుగుతుందని డబ్బు పెట్టి ఉన్న పట్టు పోగొట్టుకుంటావు. పైగా చైను పక్క, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పక్క ఖాళీ ఎంత మిగులుతుందో కూడా ఎవరూ చూడరు.

రిమ్ము మార్చి సరిగ్గానే వేశావనుకో. అప్పుడు కూడా వెడల్పు టైరు మీద బండి వంగినప్పుడు నేలకి ఆనే చోటు పక్కకి జరుగుతుంది, అదే మలుపు అదే వేగంతో తిరగడానికి బండిని ఇంకాస్త ఎక్కువ పడుకోబెట్టాలి. చక్రం బరువు పెరుగుతుంది. నీ ఇంజను 17 హార్స్‌పవర్, ఆ రబ్బరుని వేడెక్కించడానికే దానికి శక్తి చాలదు. పైన ఆ అమ్మాయికి చెప్పిన ఎన్‌ఎస్‌ఎఫ్ 250ఆర్ నీ బండికి రెండు రెట్లకు పైగా శక్తిగలది, దాని వెనక టైరు వెడల్పు 115. బక్కగా ఉండటం లోపం కాదు.

నీ డబ్బుతో చేయాల్సిన పని చెప్తాను. ఇప్పుడున్న కొలతల్లోనే, ముందు 80/90, వెనక 100/80, మెత్తటి రబ్బరు కొత్త టైర్లు రెండూ కలిపి ఒకేసారి మార్చు. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకో, మధ్యాహ్నం ట్రాక్ నుంచి బయటికి రాగానే మళ్లీ చూడు. మన చెన్నై ఎండలో గాలి ఎంత పెరుగుతుందో రాసి పెట్టుకో. ఆ కాగితం నీకు 140 టైరు కన్నా ఎక్కువ పట్టు ఇస్తుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మేం అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాం. మా పాపకి పదేళ్లు, సైకిలు రేసుల్లో బాగా చేస్తోంది, ఇప్పుడు మోటారు బండి అంటోంది. కార్టింగ్ ట్రాక్‌లో నేర్పిస్తారట. త్వరగా ఎదుగుతుంది కదా, 10 అంగుళాల చక్రాల బండి కొంటే ఏడాదిలో చిన్నదైపోతుంది, ముందే 17 అంగుళాల బండి కొనేస్తే మంచిదేమో అనిపిస్తోంది. మీ సలహా?
– ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: చెప్పులు ఒక సైజు పెద్దవి కొన్నట్టు బండి కొనకూడదండీ. కూర్చున్నప్పుడు పాప రెండు పాదాల ముందు భాగాలూ నేలకి గట్టిగా ఆనాలి. బండి ఒక పక్కకి ఒరిగితే తనే నిలబెట్టగలగాలి, పడితే తనే లేపగలిగితే ఇంకా మంచిది. 17 అంగుళాల బండి ఎత్తు, బరువు ఆ వయసుకి అందవు. భయం ఒకసారి లోపలికి వెళ్లిందంటే దాన్ని తీయడానికి ఏళ్లు పడుతుంది, నేను చూశాను.

ప్రపంచంలో పిల్లల రేసులకి ఇప్పుడు కొలమానంలా నిలిచింది 10 అంగుళాల చక్రమే. అంతర్జాతీయ మోటారుసైకిల్ సమాఖ్య (ఎఫ్‌ఐఎం) పేరుతో 2021లో మొదలైన మినీజీపీ వరల్డ్ సిరీస్‌లో పిల్లలు నడిపే ఒవాలే జీపీ-0 160 బండికి ముందూ వెనకా 10 అంగుళాలే. బొమ్మ బండి కాదది, గేర్లుంటాయి, మోకాలు నేలకి తగిలేలా పడుకుంటుంది. బ్రేకు ఎక్కడ వదలాలి, చూపు ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ అందులో నేర్చుకున్న పిల్ల తర్వాత 12కి వెళ్లినా, 17కి వెళ్లినా ఆ విద్య తనతోనే వస్తుంది. కార్టింగ్ ట్రాక్ మలుపులకి కూడా అదే సరైన కొలత.

కొనడానికి తొందరపడకండి. మొదటి ఆరు నెలలు నేర్పేవాళ్ల బండే అద్దెకి తీసుకోండి. మీ డబ్బు హెల్మెట్ మీద, లెదర్ సూటు మీద, బూట్ల మీద, వీపుకి కట్టే రక్షణ మీద పెట్టండి. అవి మాత్రం సరిగ్గా ఒంటికి అతికే కొలతవి, ప్రతి ఏడూ మార్చాల్సి వచ్చినా సరే.

ప్రశ్న: సార్, నా ట్రాక్ బండికి వెనక 100/80-17 తీసి, రిమ్ముతో సహా మార్చి, 130/70-17 వేశాను. రెండూ పదిహేడే కదా అనుకున్నాను. కానీ స్ట్రెయిట్‌లో ఆరో గేరు లాగడం లేదు, ఐదులోనే ఉండిపోవాల్సి వస్తోంది. ఇంజను పాడైందా?
– ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై

జవాబు: ఇంజను విప్పకండి. రిమ్ములు రెండూ పదిహేడే, టైర్లు కాదు. 100/80-17 చుట్టుకొలత 1,859 మి.మీ., 130/70-17ది 1,928. వెనక చక్రం 3.7 శాతం పెద్దదైంది, అంటే మీ గేర్లన్నీ అంతమేర బరువెక్కాయి. పైగా టైరు, రిమ్ము కూడా బరువు పెరిగాయి. చిన్న ఇంజనుకి ఆరో గేరులో ఆ మాత్రం తేడా చాలు.

వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) 42 పళ్లదైతే దాన్ని 3.7 శాతం పెంచితే 43 పైన సగం వస్తుంది. అందుకని 44 వేయించండి, లాగుడు పాత పద్ధతికి వస్తుంది. ముందు స్ప్రాకెట్ జోలికి పోకండి. 14 పళ్లలో ఒకటి తగ్గిస్తే ఒకేసారి ఏడు శాతం మారిపోతుంది, అప్పుడు ఆరో గేరులో స్ట్రెయిట్ సగంలోనే ఇంజను గరిష్ఠ చుట్లకి చేరి ఆగిపోతుంది. రెండు పళ్లు పెరిగినందుకు చక్రం కాస్త ముందుకి జరపాలి. పాత చైనులో అంత సందు ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే రెండు లింకులు ఎక్కువున్న చైను కొనాలి. కొత్త టైరు వెనక భాగాన్ని 11 మి.మీ. పైకి లేపింది కాబట్టి ముందు ఫోర్కు పైపులు క్లాంపులోంచి ఎంత బయటికి ఉన్నాయో కూడా చూడండి. పాత కొలత రాసి పెట్టుకుని, పైపుల్ని ఐదు మి.మీ. కిందికి దించి ఒక పూట తిప్పండి. మలుపులోకి దిగేటప్పుడు ముందు భాగం తడబడటం తగ్గిందో లేదో నాకు రాయండి. తగ్గకపోతే బండి తీసుకుని ఆదివారం పొద్దున వర్క్‌షాపుకి రండి, ఇద్దరం కలిసి కొలుద్దాం.